పిల్లలకు ఆన్‌లైన్‌లో కథలు: వీడియోనా, యాపా, ఉత్త బొమ్మల పుస్తకమా?

చిన్నపిల్లల కోసం కథల యాప్ వెతికేవాళ్లు సాధారణంగా బొమ్మలు బాగున్నాయా, కథలు ఎన్ని ఉన్నాయి, డబ్బు కట్టాలా అని చూస్తారు. ఇవి చూడాల్సినవే. కానీ వీటికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది: పేజీ ఎవరు తిప్పుతున్నారు? వీడియోలో అది దానంతటదే తిరిగిపోతుంది. ఆటల యాప్‌లో మెరిసే బొమ్మను నొక్కితే తిరుగుతుంది. మామూలు బొమ్మల పుస్తకంలో మాత్రం పిల్లలో, పక్కన కూర్చున్న పెద్దవాళ్లో తిప్పితేనే కథ ముందుకు వెళ్తుంది. పేజీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే ఆగే వీలుంటుంది. ఆగితేనే "ఇప్పుడేమవుతుంది?" అని అడగడం, వెనక్కి వెళ్లి ఎలుక ఎక్కడ దాక్కుందో మళ్లీ వెతకడం, తెలిసిన అక్షరాన్ని వేలుపెట్టి చూపించడం కుదురుతాయి. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లలకు కథ మీద ఇష్టం పెరిగేది చాలావరకు ఇలా ఆగిన చోట్లే. కాబట్టి కింది పోలికలో ప్రతి రకాన్నీ ముందుగా ఈ లెక్కనే చూద్దాం.

వీడియో కథలు

అన్నిటికన్నా సులువుగా దొరికేవీ, పిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా అడిగేవీ ఇవే. వీటిలో రెండు రకాలున్నాయి, రెంటినీ ఒక గాటన కట్టకూడదు. ఒకటి కార్టూన్: బొమ్మలన్నీ కదులుతాయి, తెరమీద మాట రాతగా కనిపించదు. ఇది కథే, కానీ చదవడం కాదు. చదవడం నేర్పుతుందని దీన్ని ఎంచుకుంటే నిరాశే. రెండోది, నిజమైన బొమ్మల పుస్తకం పేజీలను చూపిస్తూ ఒక మనిషి చదివి వినిపించే వీడియో. అమెరికాలో నటుల సంఘం ఫౌండేషన్ నడిపే స్టోరీలైన్ ఆన్‌లైన్ ఈ రెండో రకమే. నటులు ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలను గొంతు మార్చి మార్చి చదువుతారు. ఇంగ్లిష్ ఉచ్చారణ మీద నమ్మకం లేని పెద్దలకు ఇలాంటివి నిజంగా ఉపకారమే.

రెండు రకాలకీ ఉన్న లోపం ఒకటే. ఆపే బటన్ ఉన్నా ఎవరూ ఆపరు. పిల్లలకు ఆపడం నచ్చదు, పెద్దలు ఆ పది నిమిషాలు వంటింట్లోకి వెళ్లిపోతారు. కథ అయిపోగానే తర్వాతి వీడియో మొదలైపోతుంది. ఆ తర్వాతిది కథే అయ్యుండాలని లేదు. వీడియోలే వాడాలనుకుంటే ఆటోప్లే తీసేయడం తప్పనిసరి. యూట్యూబ్‌లో ఆ మీట ప్లేయర్ మీదే ఉంటుంది. యూట్యూబ్ కిడ్స్‌లో పెద్దల సెట్టింగుల్లో ఉంటుంది, అక్కడే టైమర్ కూడా పెట్టుకోవచ్చు. చదివే గొంతు వేగంగా ఉంటే ప్లేబ్యాక్ వేగం 0.75కి తగ్గించండి. గొంతు కాస్త సాగినట్టు వినిపిస్తుంది కానీ మాట తెలుస్తుంది.

చదివి వినిపించే పుస్తకం

పేజీలో బొమ్మ, కింద రెండు మూడు వాక్యాలు. బటన్ నొక్కితే గొంతు చదువుతుంది, చదువుతున్న మాట రంగు మారుతుంది. దీన్నే రీడ్ అలాంగ్ అంటున్నారు. పిల్లల పుస్తకాలు ఉచితంగా దొరికే స్టోరీవీవర్ సైట్‌లో కొన్ని కథలకు ఇది ఉంది. ఈపబ్ 3 రకం ఈబుక్కుల్లో కూడా శబ్దాన్నీ అక్షరాన్నీ జోడించే ఏర్పాటు ఉంది.

అక్షరాలు గుర్తుపడుతూ మాటలు కూడబలుక్కుంటున్న దశకి దీన్ని మించింది లేదు. చెవికి తెలిసిన మాట కంటికి ఎలా ఉంటుందో అదే క్షణంలో తెలుస్తుంది. అయితే ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు స్వయంగా నొక్కి చూడాలి. రంగు మారేది మాట మాటకా, వాక్యం మొత్తానికా? వాక్యం మొత్తం ఒకేసారి పసుపు రంగులోకి మారితే, కొత్తగా చదువుతున్నవాళ్లకి దానివల్ల లాభం లేదు. కన్ను ఎక్కడుండాలో తెలియదు. రెండోది, పేజీ చివర గొంతు ఆగి ఎదురుచూస్తుందా, తనే పేజీ తిప్పేస్తుందా? తిప్పేసేదైతే ఆ సెట్టింగ్ మార్చే వీలుందేమో చూడండి. లేకపోతే అది పుస్తకం వేషం వేసుకున్న వీడియోనే. మూడోది, గొంతు మనిషిదా, యంత్రానిదా? తెలుగు యంత్రపు గొంతులు మునుపటికన్నా మెరుగుపడ్డాయి కానీ, పులి మాటా కుందేలు మాటా ఒకే తీరున పలుకుతాయి. ఐదేళ్లలోపు పిల్లలకు ఆ గొంతుతో కథ మొత్తం వినిపించడం వృథా. ఏడెనిమిదేళ్లవాళ్లు తెలియని ఒక్క మాటను నొక్కి వినడానికి మాత్రం పనికొస్తుంది.

గొంతు వేగం సరిపోయిందో లేదో తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. పిల్లల చూపుడువేలు అక్షరాల కింద పెట్టించి గొంతుతో పాటు కదపమనండి. రెండో వాక్యానికే వేలు వెనకబడితే అది వాళ్లకి వేగం ఎక్కువ. అప్పుడు శబ్దం తీసేసి మీరే చదవడం నయం.

ఆటలు, బహుమతులు కలిపిన యాప్

ఇవి యాప్ స్టోర్‌లలో ముందు వరుసలో కనిపిస్తాయి. కప్పను నొక్కితే గెంతుతుంది, మబ్బును నొక్కితే వాన పడుతుంది, పేజీ పూర్తయితే నక్షత్రాలు రాలతాయి. పిల్లలు వదలరు, పెద్దలు కూడా "చదువుతున్నారులే" అనుకుంటారు. చాలాసార్లు వాళ్లు చదవరు. నొక్కడానికి ఇంకేముందా అని వెతుకుతుంటారు.

అయితే నొక్కేవన్నీ చెడ్డవి కావు. ఒకటి నుంచి ఎనిమిదేళ్ల పిల్లల మీద జరిగిన 39 పరిశోధనలను కలిపి చూసిన 2021 నాటి విశ్లేషణలో తేలినది ఇదీ: ఒకే పుస్తకం కాగితం మీదా తెరమీదా ఉంటే కాగితం మీద చదివినప్పుడే కథ బాగా అర్థమైంది. తెరమీద అదనంగా పెట్టిన హంగులు కథకే సంబంధించినవైతే మాత్రం తెర పుస్తకమే ముందుంది. పేజీలో మాటలకు అర్థాలు చెప్పే నిఘంటువు పెడితే కొత్త మాటలు తెలిశాయి కానీ కథ అర్థం కావడానికి అది తోడ్పడలేదు. కాబట్టి యాప్‌ను తూచడానికి ఒక ప్రశ్న చాలు: ఇది నొక్కడం వల్ల కథలో తర్వాత జరిగేది తెలుస్తోందా? తలుపు నొక్కితే తెరుచుకుని లోపల దాక్కున్న పిల్లి కనిపించి, తర్వాతి వాక్యం ఆ పిల్లి గురించే అయితే మంచిదే. మూలనున్న సీతాకోకచిలుకను నొక్కితే రంగులు మారి, దానికి కథలో పనేమీ లేకపోతే అది అడ్డం. ఒక పేజీలో అలాంటి అడ్డాలు రెండు కన్నా ఎక్కువుంటే ఆ యాప్ జోలికి వెళ్లకండి.

నక్షత్రాలు, నాణేల సంగతి ఇంకో రకం. మొదటి వారం బాగా పనిచేస్తాయి. తర్వాత పిల్లలు అతి చిన్న పుస్తకాన్ని పదిసార్లు తిప్పి నాణేలు పోగేయడం నేర్చుకుంటారు. వాళ్ల తెలివికి ముచ్చటపడొచ్చు గానీ, ఆ పది తిప్పుళ్లలో కథేమీ లేదు.

విని సరిదిద్దే యాప్, ఉత్త ఆడియో

పిల్లలు పైకి చదువుతుంటే మైకు ద్వారా విని, తడబడిన మాట దగ్గర సాయం చేసే యాప్‌లు వేరే తరగతి. 2019లో బోలో పేరుతో వచ్చి తర్వాత రీడ్ అలాంగ్‌గా మారిన గూగుల్ యాప్ ఇలాంటిదే, అందులో తెలుగూ ఉంది. అక్షరాలు, గుణింతాలు వచ్చి వేగం రాని పిల్లలకు ఇది పనికొస్తుంది, ముఖ్యంగా పక్కన కూర్చునేవాళ్లు లేని వేళ. అక్షరాలు రానివాళ్లకు ఇస్తే విసిగి వదిలేస్తారు. గది గోలగా ఉన్నా, పిల్లల పలుకు ఇంకా తిరగకపోయినా సరిగ్గా చదివినదాన్నే తప్పు అంటుంది. అలా రెండు మూడుసార్లు జరిగితే ముఖం ముడుచుకుంటారు. అప్పుడు "యంత్రానికి వినబడలేదు, నువ్వు సరిగ్గానే చదివావు" అని చెప్పడానికి ఒక మనిషి దగ్గరుండాలి.

ఆడియో కథలకు తెర అక్కర్లేదు, పడుకునే ముందు, ప్రయాణంలో హాయి. మూడు నాలుగేళ్లవాళ్లకు మాత్రం బొమ్మ ఆసరా లేకుండా కొత్త కథ పట్టుకోవడం కష్టం. ముందే పుస్తకంగా తెలిసిన కథను ఆడియోగా వినిపిస్తే బాగా పడుతుంది.

ఉత్త బొమ్మల పుస్తకం

శబ్దం లేదు, కదలిక లేదు. తెరమీద పేజీలు, అంతే. చూడ్డానికి అన్నిటికన్నా పేదగా ఉంటుంది. పెద్దవాళ్లు పక్కన కూర్చోగలిగితే మా మొదటి ఓటు దీనికే.

కారణం చెప్పాలంటే రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టాలి. 2018లో వచ్చిన ఒకదానిలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 27 మందికి కథలను ఉత్త ఆడియోగా, బొమ్మలతో కలిపి, కదిలే బొమ్మలుగా చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. కదిలే బొమ్మలప్పుడు చూపు, ఊహ, భాషలకు సంబంధించిన భాగాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడం తగ్గింది. నిలకడ బొమ్మతో మాట వినిపించినప్పుడు అవి బాగా కలిసి పనిచేశాయి. బొమ్మ కదలకపోతే దాన్ని మనసులో కదిపే పని పిల్లలే చేసుకోవాలి కదా. రెండోది 2019 నాటిది: చిన్నపిల్లలూ తల్లిదండ్రులూ కలిసిన 37 జంటలు కాగితపు పుస్తకం, మామూలు ఈబుక్, హంగుల ఈబుక్ చదివాయి. తెర పుస్తకాలతో ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. ఉన్న మాటల్లోనూ కథ గురించి కన్నా "అది నొక్కకు", "ఇటు తిప్పు" లాంటివి పెరిగాయి. అంటే ఉత్త బొమ్మల పుస్తకమైనా తెరమీద ఉన్నప్పుడు మాట తగ్గే ప్రమాదం ఉంది. ఆ లోటు మీరు కావాలని పూడ్చాలి. ఎలాగో తర్వాత చెబుతాం.

ఏ మెట్టులో ఉన్నవాళ్లకు ఏది

వయసు అంకె చూసి ఎంచుకోవడం కన్నా, పిల్లలు ఇప్పుడు ఏం చేయగలుగుతున్నారో చూసి ఎంచుకోండి.

ఇంకా అక్షరాలు తెలియని పిల్లలకు, అంటే దాదాపు రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు, పది పన్నెండు పేజీలు, పేజీకి ఒక్క వాక్యం, ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చే ఉత్త బొమ్మల పుస్తకం. చదివేది మీరు. ఒక విడతకు ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు చాలు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదనీ, తక్కువైతే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలో కార్టూన్లూ, వీడియో కాల్స్‌లో గడిపేదీ పోను కథకు మిగిలేది ఎంతో లెక్క వేసుకోండి. రెండేళ్ల లోపువాళ్లకు తెర కథ అవసరమే లేదు, అట్టపుస్తకం చాలు.

అక్షరాలు గుర్తుపడుతూ, గుణింతాల్లో తడబడేవాళ్లకు చదివి వినిపించే పుస్తకం. ఒకే పుస్తకాన్ని మూడు రోజులు వాడాలి: మొదటి రోజు వినడం, రెండో రోజు గొంతుతో కలిసి చదవడం, మూడో రోజు శబ్దం ఆపేసి చదవడం. మూడో రోజు కూడా బొమ్మ చూసి గుర్తున్నది గడగడా అప్పజెబుతున్నారేమో అనిపిస్తే, వాక్యం మధ్యలోని ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి?" అనండి. చెప్పలేకపోతే కంఠస్థం చేశారని అర్థం. అది తప్పేమీ కాదు, చదవడానికి ముందు మెట్టు అదే. ఇంకో రెండు రోజులు అదే పుస్తకం ఉంచండి.

వత్తులు కూడా వచ్చి సొంతంగా చదువుతున్నవాళ్లకు పుస్తకం బరువు, అంటే అది ఎంత కష్టంగా ఉందన్నది, సరిపోవడమే అసలు సమస్య. నూరు మాటల్లో ఐదుకు మించి తెలియకపోతే ఒంటరిగా చదవడానికి బరువు. పదికి మించితే పక్కన మనిషి ఉన్నా బరువే. పిల్లల పుస్తకంలో పేజీకి ఇరవై మాటలే ఉంటాయి కాబట్టి పేజీకి ఒక మాట దగ్గర ఆగితే ఫర్వాలేదు, మూడింటి దగ్గర ఆగితే పుస్తకం మార్చండి. స్టోరీవీవర్‌లో మెట్లు నాలుగు: మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 600 నుంచి 1500, నాలుగోది ఆ పైన. ఇది మాటల లెక్క కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు. మొదటి మెట్టు పుస్తకంలోనే సంయుక్తాక్షరాలు దట్టంగా ఉండొచ్చు. తెలుగులో పుస్తకం బరువు మాటల సంఖ్యలో కన్నా వత్తుల్లోనూ, సంధులతో సాగిన పొడుగు మాటల్లోనూ ఎక్కువ ఉంటుంది. మొదటి రెండు పేజీలు తెరిచి వత్తులున్న మాటలు లెక్కపెడితే అర నిమిషంలో తేలిపోతుంది.

తెలుగు అక్షరం తెరమీద ఎలా ఉంది?

ఎంచుకునేవాళ్లు దాదాపు ఎప్పుడూ చూడనిది ఇదే. కొత్తగా చదివేవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే.

ద–ధ, డ–ఢ, ప–ఫ, బ–భ జంటల్లో తేడా కింద ఉన్న చిన్న గీత. ప–వ, మ–య దగ్గర కూడా తేడా సన్నదే. ఆరు అంగుళాల ఫోన్ మీద, బొమ్మ కింద కుదించిన రాతలో ఆ గీత కలిసిపోతుంది. పిల్లలకు అక్షరం రాక కాదు, కనబడక తడబడతారు. మొదలుపెట్టేవాళ్లకు అక్షరం ఎత్తు ఐదారు మిల్లీమీటర్లు ఉండేలా చూడండి, స్కేలు పెట్టి కొలిచినా తప్పులేదు. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి తెలుగుకు వరుసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంటే ఆ పుస్తకం పిల్లలకు కాదు.

కొన్ని యాప్‌లలో, ముఖ్యంగా వీడియోల మీద వేసిన రాతల్లో, వత్తులు విడిపోతాయి. "అమ్మ" అన్నది మకు పొల్లు, పక్కన ఇంకో మ అయి కూర్చుంటుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు అక్షరాలు కలపడం రాకపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. పెద్దలం ఊహించుకుని చదివేస్తాం, పిల్లలు అదే సరైన రూపమనుకుంటారు. కొనేముందు "స్త్రీ", "రాష్ట్రం", "మత్స్యం" లాంటి మాట ఉన్న పేజీ ఒకటి వెతికి చూడండి. అది సరిగ్గా ఉంటే మిగతావి ఉన్నట్టే.

పీడీఎఫ్‌లలో ఇంకో గొడవ ఉంది. యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు ఇప్పుడు వాడే ఉమ్మడి పద్ధతి) ముందు తరం ఫాంట్లతో తయారైన ఫైళ్లు కంటికి చక్కగానే ఉంటాయి, కానీ లోపల ఉన్నది తెలుగు కాదు. పరీక్ష సులువు: ఒక మాటను ఎంచి కాపీ చేసి మెసేజ్ పెట్టెలో అతికించండి. తెలుగు మాటగానే వస్తే సరే. పిచ్చి గీతలు, ఇంగ్లిష్ అక్షరాలు వస్తే ఆ ఫైల్‌ను ఏ యంత్రపు గొంతూ చదవజాలదు, మాట వెతకడం కుదరదు. అసలు ఎంచడమే కుదరకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే పాత పిల్లల పత్రికల స్కాన్లు ఇలాంటివే. వాటిని పెద్దవాళ్లు చదివి వినిపించడానికి వాడుకోవాలి. రెండు కాలమ్‌ల చిన్న అచ్చును ఫోన్‌లో జూమ్ చేసుకుంటూ చదవమంటే పిల్లలకు కథ కన్నా వేళ్ల కసరత్తు ఎక్కువవుతుంది.

అనువాద యంత్రంతో తెలుగు చేసిన కథలు కూడా చాలా కనిపిస్తున్నాయి. ఒక పేజీ పైకి చదివితే చెవికి తెలిసిపోతుంది: పిల్లలు "మీరు" అని పిల్లిని పిలుస్తుంటారు, ప్రతి వాక్యంలో "అతను", "ఆమె" ఉంటాయి. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు కాబట్టి పిల్లలకు ఆ కథ చెవికెక్కదు.

పరికరం

పెద్దగా చర్చ అక్కర్లేదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని చూడాలంటే పది అంగుళాల ట్యాబ్. ఫోనే ఉంటే అడ్డంగా తిప్పి, ఒక్కో పేజీ విడిగా చూపించే పుస్తకాలు ఎంచండి. రెండు పేజీలను కలిపి ఒకే బొమ్మగా వేసినవి ఫోన్‌లో పనికిరావు. లాప్‌టాప్ బాగుంటుంది గానీ పిల్లల వేలు తెరను తాకడానికి మధ్యలో కీబోర్డు అడ్డం. ముగ్గురు నలుగురు పిల్లలుంటే టీవీకి కలిపి, ఒక్కో పేజీకి ఒక్కొక్కరి చేతికి రిమోట్ ఇవ్వండి. నలుపు తెలుపు ఈరీడర్ కళ్లకు హాయే, కానీ బొమ్మల పుస్తకానికి రంగు కావాలి. పెద్ద కథలు చదివే వయసు వచ్చాక ఆలోచించవచ్చు.

ఉచితమా, చందానా

ముందు ఉచితంతో మొదలుపెట్టండి. స్టోరీవీవర్‌ను ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టింది. తెలుగు పుస్తకాలు బాగా ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, లైసెన్సు ప్రకారం అచ్చు తీసుకోవచ్చు, పంచుకోవచ్చు కూడా. పలు భాషల ఉచిత బొమ్మల పుస్తకాలకు గ్లోబల్ డిజిటల్ లైబ్రరీ, బ్లూమ్ లైబ్రరీ ఉన్నాయి. ఇంట్లో రెండు భాషలుంటే ఒకే కథను రెండిట్లో తెరవగలగడం ఇలాంటి చోట్ల దొరికే గొప్ప సౌకర్యం. ఉచిత గ్రంథాలయాల లోపం ఏమిటంటే, మంచివీ సాదావీ కలిసి ఉంటాయి. ఏరుకునే పని మీది.

చందా యాప్‌లు ఆ ఏరే పని చేసిపెడతాయి, ప్రకటనలు ఉండవు. చందా కట్టే ముందు రెండు చూడండి: మీకు కావలసిన భాషలో, మీ పిల్లల మెట్టులో నిజంగా ఎన్ని పుస్తకాలున్నాయి? మొత్తం వేలల్లో ఉండి తెలుగులో పాతికే ఉంటే ఆ వేలు మీకు లెక్కలోకి రావు. రెండోది, ఉచిత గడువు ముగిశాక చందా దానంతటదే మొదలవుతుంది. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు, ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ చందాల పేజీలోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.

ప్రకటనలతో నడిచే ఉచిత యాప్‌లను మాత్రం దూరం పెట్టండి. ప్రకటన వచ్చేది కథ మధ్యలోనో చివరనో కాబట్టి మొదటి పేజీ చూసి మోసపోతాం. ఏ యాప్ అయినా ఇచ్చే ముందు ఒక పుస్తకం ఆఖరి పేజీ దాటే వరకూ మీరే తిప్పి చూడండి. మైకు అనుమతి అడిగితే, విని సరిదిద్దే యాప్‌కు తప్ప దేనికీ ఇవ్వకండి. ఖాతా మీ పేరుతో తెరవండి, పిల్లల అసలు పేరూ ఫొటో అక్కర్లేదు.

కూర్చునే ముందు, కూర్చున్నాక

ముందురోజే మూడు పుస్తకాలు డౌన్‌లోడ్ చేసి ఉంచండి. పిల్లలను పక్కన పెట్టుకుని వెతకడం మొదలుపెడితే ఓపిక వెతుకులాటలోనే అయిపోతుంది. మూడింట్లో ఒకటి వాళ్లను ఎంచుకోమనండి. ముప్ఫై ఇస్తే అట్టలు చూస్తూ తిరుగుతారు, ఒక్కటీ తెరవరు. తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ వేయండి, మెసేజీలూ కాల్స్ రావు. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ పెడితే వేలు జారినా కథ నుంచి బయటికి పోదు. గైడెడ్ యాక్సెస్‌లో తెరలో కొంత భాగానికి తాకిడి పనిచేయకుండా చేయవచ్చు, మెనూ బటన్లు పదేపదే నొక్కే పిల్లలకు అది మంచి ఉపాయం.

ట్యాబ్ మీ ఒళ్లోనో బల్లమీదో ఉండాలి, పేజీ తిప్పే వేలు మాత్రం వాళ్లది. కథ చదువుతూ మాట కలపడానికి ఒక పద్ధతి 1980ల చివరి నుంచి పరిశోధనల్లో నిలబడి ఉంది: అడగడం, చెప్పింది ఒప్పుకోవడం, దానికి ఒక మాట చేర్చడం, మళ్లీ వాళ్లతో అనిపించడం. "ఇదేంటి?" అంటే "కుక్క" అంటారు. "అవును, వానలో తడిసిన కుక్క" అని మీరు చేరుస్తారు. "ఎలాంటి కుక్క?" అంటే "తడిసిన కుక్క" వస్తుంది. అంతే. ప్రతి పేజీకి ఇలా చేస్తే పరీక్షలా తయారై పిల్లలు లేచిపోతారు. మూడు పేజీలకొకటి చాలు, కథ ఉత్కంఠగా ఉన్నచోట అస్సలు వద్దు. అవును కాదు అని తేలిపోయే ప్రశ్నల కన్నా "ఎందుకలా చేసింది?" లాంటివి అడగండి. వాళ్లే ప్రశ్న వేస్తే పేజీ ఆపేయండి. అప్పుడు కథ కన్నా ఆ ప్రశ్నే ముఖ్యం.

అదే పుస్తకం వరసగా ఐదు రోజులు అడిగితే విసుక్కోకండి. మళ్లీ వినడంలోనే మాటలు పట్టుబడతాయి. అలా అంటిపెట్టుకున్న పుస్తకం అచ్చు తీసుకునే వీలున్నదైతే కాగితం మీదకు తెచ్చేయండి. ప్రింటర్ సెట్టింగుల్లో బుక్‌లెట్ ఎంచి, రెండువైపులా, పొట్టి అంచు మీద తిరిగేలా పెడితే, 16 పేజీల పుస్తకం నాలుగు ఏ4 కాగితాల్లో వచ్చేస్తుంది. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడకపోతే చివర ఖాళీ పేజీలు వస్తాయి, వాటిలో పిల్లలు బొమ్మలు వేసుకుంటారు.

వీడియో తప్ప ఇంకేమీ వద్దనేవాళ్లు

ఇప్పటికే వీడియోకు అలవాటు పడ్డవాళ్ల చేతిలో ఒక్కసారిగా ఉత్త పుస్తకం పెడితే తోసేస్తారు. మెట్టుమెట్టుగా మార్చాలి. మొదటి వారం వాళ్లకు నచ్చిన వీడియోనే పెట్టండి, కానీ రెండుచోట్ల ఆపి "ఇప్పుడేమవుతుంది?" అని మాత్రం అడగండి. రెండో వారం కార్టూన్ బదులు పుస్తకం పేజీలు చూపిస్తూ చదివే వీడియోలు. మూడో వారం అదే కథ లేదా అదే జంతువున్న కథను చదివి వినిపించే పుస్తకంగా, పేజీ వాళ్లనే తిప్పనివ్వండి. ఆ తర్వాత ఒక రోజు శబ్దం "పనిచేయడం లేదు" అనుకుందాం, మీరు చదవండి. చిన్న అబద్ధమే, చెల్లుతుంది. గొంతు మార్చి చదివితే మరీ చెల్లుతుంది.

ఏ వారమైనా ఏడుపు, పేచీ మొదలైతే వెనక్కి ఒక మెట్టు దిగండి, అంతకన్నా పోయేదేమీ లేదు. పుస్తకం చదివినందుకు వీడియోను బహుమతిగా చూపించే మాట మాత్రం ఎప్పుడూ వాడకండి. "ఇది చదివితే కార్టూన్ పెడతా" అన్న రోజు నుంచి చదవడం పన్ను కట్టడమవుతుంది, పిల్లలు దాన్ని ఎంత త్వరగా వదిలించుకుందామా అనే చూస్తారు.